ఎర్ర తువ్వాలు, పడమటి గాలి

మా నాన్నకి వాతం, నాకు వాతావరణం. మబ్బు పడితే ఇద్దరం మూలిగేవాళ్లం. ఆయన మంచం మీద, నేను రిజిస్టరు మీద. డెబ్భైల చివర్లో విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఓ కొండ మీదున్న వాతావరణ ఆఫీసులో నాకు చిన్న ఉద్యోగం దొరికింది. ఆనందపురంలో మావాళ్లకి వరి తెలుసు, మామిడి తెలుసు. గాలిని కొలిస్తే జీతమిస్తారని మాత్రం తెలీదు. "మావోడు గాలి పోగేసి గవర్నమెంటోడికి అమ్ముతన్నాడు" అని మా చిన్నాన్న, జంక్షన్‌లో తన ఎరువుల కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

నిజానికి అమ్మేటంత తెలివి నాకు లేదు. మూడేసి గంటలకోసారి డాబా ఎక్కి ఎండెంత, తేమెంత, మబ్బెంత, గాలెటు అని చూసి, అంకెల్లోకి మార్చి పై ఆఫీసుకి పంపడం, అంతే నా పని. మధ్యాహ్నం రెండున్నరకి చూస్తే మళ్లీ అయిదున్నరకే. ఆ మధ్యలో ఆకాశం ఏం చేసుకున్నా దాని ఇష్టం. డాబా మీది గదిలో ఓ యంత్రం మాత్రం కన్ను మూయకుండా గాలి జోరుని గీస్తూ కూచునేది. గుండ్రంగా తిరిగే డబ్బాకి కాగితం చుట్టి ఉంటుంది, దాని మీద సిరా ముల్లు గాలి కొద్దీ లేస్తూ దిగుతూ ఉంటుంది. ఆ ఆఫీసులో నాకంటే ఎక్కువ పని చేసింది ఆ ముల్లే. ప్రమోషన్ మాత్రం నాకొచ్చింది.

కొండ కింద, చేపలు పట్టేవాళ్ల పల్లెని ఆనుకుని ఓ గది అద్దెకి తీసుకున్నాను. రెండిళ్ల అవతల అన్నదమ్ములిద్దరు ఉండేవారు. ఇద్దరికీ ఒకటే తెప్ప, ఒకటే వల. తమ్ముడు నా ఈడువాడు. వారం తిరక్కుండానే నన్ను బావని చేసేశాడు, నేనూ కాదనలేదు. అన్న మాత్రం నన్ను గాలిబాబు అనేవాడు.

"ఏటి బావ, ఇయ్యేళ గాలి తూకం ఏసేవా?" అనేవాడు తమ్ముడు పొద్దున్నే ఎదురైతే.

"వేశాను. నీకెంత కావాలి?"

"మాకు ఊరికే దొరుకుతాది కదేటి. నువ్వే కాయితం మీద ఎడతన్నావు."

వాళ్లకి గాలి నిజంగానే ఊరికే దొరికేది. తెల్లవారకముందు నేల మీంచి సముద్రం మీదకి వీచే గాలితో తెప్ప బయల్దేరేది. ఎండెక్కాక గాలి తిరిగి సముద్రం మీంచి ఒడ్డుకి వీచేది, దానికి సాప, అదే తెరచాప, ఎత్తుకుని వచ్చేసేవారు. దేవుడిచ్చిన రానుపోను టిక్కెట్టు అది. తెప్ప అంటే దుంగలు తాళ్లతో కట్టినదే కాబట్టి మునగదు. తిరగబడుతుంది.

ఓ ఏడు కార్తీకంలో తుపాను వాళ్లని దూరంలో పట్టుకుంది. ఎలాగో బతికొచ్చారు. మర్నాడు తమ్ముడు మా గది అరుగు మీద కూచుని అడిగాడు.

"మేం వలేసే కాడికి పోర్టోళ్ల జెండాలు ఆనవు బావ. మీ కొండమీద మేడ మాత్రం నడిసంద్రం కెల్లినా కనపడతాది. సెడ్డగాలొత్తాదని నీకు ముందు తెలుత్తాది కదా, ఓ ఎర్రగుడ్డేదైనా కట్టు. సూసుకుని వల ఒగ్గీసి, సాప ఎత్తి, ఒడ్డుకొచ్చెత్తాం."

నా స్నానం తువ్వాలు ఎర్రది. ప్రభుత్వానికి ఖర్చు లేకుండా ప్రమాద సూచిక తయారైంది. తుపాను సంగతి పై ఆఫీసునుంచి ఒకరోజు ముందే తెలిసేది కాబట్టి, నేను తువ్వాలు కట్టడం, వాళ్లు తీరిగ్గా వచ్చేయడం రెండు మూడుసార్లు బాగానే జరిగింది. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది కూడా.

తర్వాత ఓ ఆదివారం డ్యూటీలో, ఆఫీసు కుళాయి దగ్గర స్నానం చేసి, అలవాటు కొద్దీ ఆ తువ్వాలు డాబా పిట్టగోడ మీద ఆరేశాను. గంటలో అన్నదమ్ములిద్దరూ వల వదిలేసి రొప్పుకుంటూ ఒడ్డుకొచ్చారు. ఆకాశంలో మచ్చుకి మబ్బు లేదు.

అన్న నన్ను తిట్టలేదు. పళ్లతో చుట్ట పట్టుకుని కొండకేసి చూసి, "గాలిబాబు ఒళ్లు తుడుసుకుంటే మనకి గాలివానేట్రా!" అన్నాడు. మర్నాడు గోపాలపట్నం బజారులో ఓ తెల్ల తువ్వాలు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టాడు. "ఎర్రది మాకొగ్గీండి బాబూ. మీరు దీంతో తుడుసుకోండి."

అప్పట్నుంచి డాబా మీది తాడుకి నా తెల్ల తువ్వాలు ఆరుతూ ఉండేది. ఎర్రది లోపల మేకుకి వేళ్లాడేది.

*

ఎనభైల మొదట్లో, గాజువాక అవతల స్టీల్ ప్లాంటు కోసం నేల చదును చేస్తున్న రోజులు. ఊరికి దుమ్ము కరువులేదు. ఆ ఏడు రోహిణి కార్తెలో ఎండ ఎలా కాసిందంటే, మా థర్మామీటర్లో పాదరసం దిగడానికి కూడా ఓపిక లేక పైనే ఉండిపోయినట్టుండేది. రెండున్నరకి డాబా ఎక్కి చూసి, గాలి సముద్రంమీంచి, మబ్బు స్వల్పం అని రాశాను. పడమర కొండల వెనక తెల్లగా కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి మబ్బులున్నాయి. అవి రోజూ ఉండేవే.

మూడూ ఇరవైకి ఫోను మోగింది. చిన్నాన్న.

"ఒరే, మీ ఆఫీసోళ్లు ఇయ్యేళ ఏటి రాసేర్రా?"

"ఆకాశం నిర్మలంగా ఉంది, అక్కడక్కడ మబ్బులు అని."

"అలగా? అయితే మన మావిడితోట కూడా నిర్మలంగా నేలమీద పడుంది, వచ్చి సూసుకో. కొట్టుమీద రేకులు రోడ్డవతలున్నాయి. పావుగంట ఆడించి ఎల్లిపోయింది. మీ ఏపే వత్తంది, నువ్వు గాని డాబామీద..."

లైను పోయింది.

పైకి పరిగెత్తాను. సింహాచలం కొండల మీద ఇంకో కొండ లేచి ఉంది. ఇందాకటి పువ్వులన్నీ కలిసిపోయి ఒకే గోడ అయిపోయాయి. ఉత్తరం నుంచి దక్షిణం దాకా, కింది అంచు నల్లగా, మధ్యలో మనవైపు విల్లులా వంగి ఉంది. దాని కింద గోపాలపట్నం ఉండాల్సిన చోట ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. ఇలాంటి వరస మబ్బు గురించి పుస్తకంలో రెండు పేజీలు చదివాను. పరీక్షకి రాలేదు.

ఆఫీసు దుర్భిణితో సముద్రం వైపు చూశాను. ఏడెనిమిది తెప్పలు. అన్నిటివీ సాపలు దించే ఉన్నాయి, వలలు నీళ్లలో ఉన్నాయి. మావాళ్ల తెప్పని గుర్తు పట్టడం తేలిక: సాపకి నీలం టార్పాలిన్ అతుకు ఉంటుంది, చుట్టి పెట్టినా కనపడుతుంది.

మేకు మీది ఎర్ర తువ్వాలు తెచ్చి పిట్టగోడ మీది ఇనప కడ్డీకి కట్టాను. రెండు ముళ్లు వేశాను, జారకుండా. పక్కనే తాడు మీద తెల్లది ఆరుతోంది.

అయిదు నిమిషాల్లో నీలం అతుకు పైకి లేచింది. మిగతా తెప్పలవాళ్లకి మా ఒప్పందం తెలీదు, వాళ్లు కదల్లేదు. మావాళ్లు వల తాడు కోసేసి, సాప నిండా గాలి పట్టి, నాకేసి తిన్నగా వస్తున్నారు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం గురించి రాయడం కష్టం. ఇన్నేళ్లు అంకెలు రాశాను, మొదటిసారి నేను రాసింది ఎవరో చదివారు అనుకున్నాను.

అప్పుడు గాలి ఆగిపోయింది. గదిలో సిరా ముల్లు అడుగుకి దిగి అక్కడే గీత గీసుకుంటూ పోయింది. సముద్రం మీద నీలం అతుకున్న సాప, దండెం మీది గుడ్డలా వేలబడిపోయింది. ఒడ్డింకా చాలా దూరం.

కాసేపటికి వెనకనుంచి వీపు మీద చల్లగా తగిలింది. మే నెలలో మా ఊళ్లో చల్లగాలి తగిలితే ఇంట్లో ఉన్నవాడు అరుగు మీదకి, అరుగు మీదున్నవాడు వీధిలోకి వస్తాడు. కిందనుంచి టైపిస్టూ అటెండరూ మెట్లెక్కి వచ్చారు.

"అబ్బ! ఏసీ సినిమాహాల్లో ఉన్నట్టుంది సార్" అన్నాడు అటెండరు చేతులు చాపి.

నేను చొక్కా రెండు బొత్తాలు విప్పుకున్నాను. ఆ చల్లదనం ఏమిటో తెలిసిన మనిషిని ఆ కొండ మీద నేనొక్కణ్ణే. అయినా విప్పుకున్నాను. ఆ రెండు బొత్తాల సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తర్వాతది గాలి అనడానికి లేదు. ఎవరో మూకుమ్మడిగా తోసినట్టు ముగ్గురం పిట్టగోడకి కొట్టుకున్నాం. గదిలో ముల్లు ఒక్క గంతులో కాగితం పైదాకా ఎగిరి సిరా చిమ్మింది. పోర్టులోని ఇనప ఖనిజం గుట్టల ఎర్రదుమ్ము మా తలల మీంచి సముద్రంలోకి పోయింది. తుపానులో సముద్రం మన మీదకి తెల్లబడుతూ వస్తుంది. ఆరోజు ఒడ్డు దగ్గర తెల్లబడి, ఆ తెలుపు లోపలికి పరిగెత్తింది. వెనకనుంచి. నీలం అతుకు ఒక్కసారి ఎదురు తిరిగి నిండింది, పక్కకి వాలింది, ఇంక లేదు. తర్వాత వాన తెర పడింది, దుర్భిణిలో నా కనురెప్పలే కనపడ్డాయి.

అరగంట. తర్వాత ఎండ కూడా కాసింది.

నా డ్యూటీ అయిదున్నర పరిశీలన అయ్యేదాకా. ఉన్నాను. గాలి స్వల్పం, మబ్బు సగం అని రాశాను. మధ్యలో వచ్చిపోయినది గురించి చివరి గడిలో ఒక లైను రాశాను, ఆ గడిలో అంతే పడుతుంది. సంతకం పెట్టి అప్పుడు కిందకి పరిగెత్తాను.

పల్లె అంతా ఒడ్డునే ఉంది. తెప్పలు ఒక్కొక్కటే వస్తున్నాయి. వచ్చినవాళ్లందరూ ఒకటే మాట చెప్పారు: సాప ముందే దించి ఉంది, బోర్లా పడుకుని తాళ్లు పట్టుకున్నాం, నీళ్లలో ఉన్న వలే లంగరులా ఆపింది, దూరం కొట్టుకుపోయాం కానీ తిరగబడలేదు. చివరి తెప్ప మీద తమ్ముణ్ణి తెచ్చారు. ఎవరి భుజమో పట్టుకుని దిగాడు. అతని వెనక ఇంకెవరూ దిగలేదు. అన్న భార్య నీళ్లలోకి నడుం దాకా వెళ్లి, ఖాళీ తెప్పని చేత్తో తడిమి చూసింది.

మూడోనాడు దక్షిణం వైపు ఒడ్డున అన్న దొరికాడు.

*

దినాలన్నీ అయ్యాక తమ్ముడు మొదటిసారి కొండెక్కి మా ఆఫీసుకి వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు. ఇది గుడి కాదు, వేసుకో అన్నా వినలేదు.

"నీకో మాట సెప్పి పోదామని వచ్చాను బావ. నువ్వు మనసులో ఏటీ ఎట్టుకోకు. గుడ్డ కట్టేవు. మేం సూసేం. ఓ పది నిమిషాలు ముందు కట్టుంటే ఒడ్డుకందేసేవోళ్లం, అంతే. మిగతావోళ్ల రాత బావుంది. నీ తప్పేటీ నేదు."

అతను నన్ను ఓదార్చడానికి కొండెక్కాడు. తలూపి పంపేస్తే సరిపోయేది. ఊపాను కూడా. అతను లేవబోయాడు.

"కూచో" అన్నాను. ఆరోజు కాగితం బీరువాలో ఉంది. తీసి బల్ల మీద పరిచాను. అతను చూశాడు. పొద్దుట్నుంచీ చిన్న చిన్న పళ్లలా నడిచిన గీత. తర్వాత కాస్త చదును. తర్వాత నిటారుగా, ముల్లులా లేచిన ఓ గీత.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంత గోరంతేనా?" అని గోరు దాని పక్కన పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. "ఇదెక్కణ్ణుంచి వచ్చింది బావ? సంద్రంలోంచి కాదు కదా. మా అయ్యకాణ్ణుంచీ సెడ్డగాలి సంద్రంలోంచే వత్తాది."

చెప్పడం మొదలెట్టాను. పుస్తకం భాష పనికిరాలేదు. "ఎండకి ఆ పడమటి కొండల్లో నేల పెనంలా కాలుతుంది. మన సముద్రపు గాలి రోజూ తడి మోసుకుని అక్కడికే పోతుంది. వేడికి ఆ తడిగాలి పైకి లేచి, మబ్బై, మధ్యాహ్నానికి కొండకి పదింతలు పెరుగుతుంది. వాన మొదలవుతుంది. కింద గాలి ఎండిపోయి ఉంటుంది కదా, సగం చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. ఒంటి మీద తడిబట్ట ఆరుతుంటే చలేస్తుంది చూడు, అలా గాలి చల్లబడిపోతుంది. చల్లగాలి బరువు. అంతెత్తునుంచి ధబ్బున పడుతుంది."

"పడితే?"

మంచినీళ్ల చెంబు తీసి గచ్చు మీద కుమ్మరించాను. నీళ్లు పలచగా, అంచు ఉబ్బి, అన్నివైపులా పరిగెత్తాయి. దారిలో ఉన్న చిత్తు కాగితం ముక్కని ఆ అంచు ఎత్తి ముందుకి తోసింది.

"ఈ అంచే మన వీపుకి తగిలిన చల్లగాలి. ఇది ముందున్న తడిగాలిని ఆ కాగితంలా ఎత్తేస్తుంది. ఎత్తిన చోటల్లా కొత్త మబ్బు. ఆ మబ్బు కురిసి మళ్లీ చల్లగాలి. అలా ముందు పుడుతూ, వెనక చస్తూ వస్తుంది బావా. ఒక మబ్బు కాదు, వరస. పైన వీచే గాలి ఆ వరసని సముద్రం వైపు తోలుతుంది. మన రెండు పరిశీలనల మధ్య పుట్టి, వచ్చి, పోతుంది."

అతను నీటి అంచునే చూస్తున్నాడు. "అంటే, మమ్మల్ని ఇంటికి తెచ్చే గాలే దానికి మేతేటి?"

పుస్తకంలో రెండు పేజీలు పట్టిన విషయం. "అవును" అన్నాను.

"మరి ఆ గాలి ఎందుకాగిపోయింది మజ్జెన? సాప ఏలబడిపోయింది ఓ సిటికెడు సేపు."

"ఎదురొస్తున్న చల్లగాలి తోపుకి ఆగింది. ఇక్కడ." కాగితం మీద చదునుగా ఉన్న గీత చూపించాను.

"మేం సాప ఎత్తిందెక్కడ?"

పెన్సిలు తీసుకుని, చదునుకి ముందు, చిన్న చుక్క పెట్టాను. అతను ఆ చుక్క మీంచి ముల్లు దాకా వేలితో నడిచాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. మళ్లీ నడిచాడు.

"ఎంతసేపుంటాది ఇది?"

"అరగంట."

"తుపానైతే రెండ్రోజులు. అందుకని పరిగెట్టుకొచ్చీవోళ్లం." వేలు చుక్క మీద ఆగింది. "దీనికి పరిగెట్టకూడదు. వల్లోనే ఉండిపోవాలి."

"ఉండిపోవాల్సింది. ఎర్రది తుపానుకని అనుకున్నాం. దీనికి కట్టకూడదు. నేను కట్టకపోయి ఉంటే మీరూ మిగతావాళ్లలాగే..."

నీళ్లు పాకి అతని కాళ్ల దాకా వచ్చాయి. కాళ్లు తీసుకోలేదు. టెలిప్రింటరు టకటకా కొట్టుకుంది, ఎవరూ లేచి చూడలేదు. అతను కాగితం జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చాడు.

"మా వొదినకి సెప్పకు బావ."

మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. నావైపు తిరక్కుండానే అడిగాడు. "కొండలేపునుంచొత్తే ఏటి కడతావు?"

నా దగ్గర ఇంకొకటే ఉంది. "తెల్లది" అన్నాను.

"తెల్లది సూత్తే సాప దించీసి, వల ఒగ్గకుండా, తాళ్లు పట్టుకుని పడుకోవాలి. అంతేనా?"

"అంతే."

"నీకూ నాకూ మజ్జెనే కాదు ఈసారి. పల్లెలో అందరికీ సెప్తాను" అని దిగిపోయాడు.

*

తెల్ల తువ్వాలుతో ఒళ్లు తుడుచుకోవడం ఆ రోజుతో మానేశాను. అది ఎర్రదాని పక్కన రెండో మేకుకి చేరింది. వేసవిలో రెండున్నరకీ అయిదున్నరకీ మధ్య నేను ఆఫీసు గదిలో కూచోలేదు, డాబా మీదే పడమటికి తిరిగి కూచునేవాణ్ణి. సముద్రం పక్కన ఉద్యోగం, సముద్రానికి వీపు. పిచ్చాడనుకున్నారు. గాలి సోకిందని కూడా అన్నారు, వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం.

మరుసటి ఏడు మే నెలలో మళ్లీ వచ్చింది. ఈసారి ఫోను రాలేదు. గోపాలపట్నం మీద దుమ్ము లేవకముందే మబ్బు వరస కనపడింది. తెల్లది కట్టాను. దుర్భిణి కళ్లకి ఆనించుకున్నాను. ఇంటికి వస్తున్న సాపలు మూడున్నాయి. ఒకటి దిగింది. రెండోది. మూడోది దిగేదాకా నేను దుర్భిణి దించలేదు. గాలి వచ్చింది, గుడిసెల కప్పులు లేచిపోయాయి, చల్లబడింది. నేను బొత్తాలు విప్పలేదు.

సాయంత్రం ఒడ్డుకెళ్లాను. తెప్పలన్నీ వచ్చాయి. రెండు వలలు చిరిగాయి, ఒకడి చెయ్యి విరిగింది, మనుషులందరూ ఉన్నారు. తమ్ముడు తాళ్లు విప్పుతూ నాకేసి చూసి తలాడించాడు. ఎవరో ముసలాయన నా చెయ్యి పట్టుకుని, "బాబూ, ఆ తెల్లగుడ్డ మా పాలిటి..." అంటూ ఏదో గొప్పమాట మొదలెట్టాడు.

అన్న భార్య బుట్ట పట్టుకుని అక్కడే ఉంది. భర్త పోయాక నాతో ఒక్కసారీ మాట్లాడలేదు, ఎదురైతే తలొంచుకుని పక్కకి జరిగేది. ఆరోజు తలెత్తి చూసింది.

"ఆ తెల్లగుడ్డ నిరుడు నేదేటి బాబూ మీకాడ?"

తమ్ముడు తాళ్లు విప్పడం ఆపి ఇసకలోకి చూస్తూ నిలబడ్డాడు. లేదనొచ్చు. ఆ అబద్ధం ఎవరూ పట్టుకోలేరు, అతను తప్ప. అతను ఏమీ అనడు.

"ఉందమ్మా" అన్నాను. "మీ ఆయన కొనిచ్చిందే. ఆరోజు తాడు మీద ఆరుతోంది. నేను ఎర్రది కట్టాను."

ఆవిడ నా మొహం కేసి చూసింది. తర్వాత కొండ మీదకి చూసింది. అక్కడ, విప్పడం మరిచిపోయి వచ్చిన తువ్వాలు, సముద్రపు గాలికి మళ్లీ ఒడ్డువైపే ఎగురుతోంది.

బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. తమ్ముడు తాళ్ల పని మళ్లీ మొదలెట్టాడు. కాసేపటికి నేనూ వంగి ఒక కొస పట్టుకున్నాను. వద్దనలేదు.